బేరములేని అంగడి



నేడు నేను మాటలాడబూనినది అమ్మకమును గూర్చి. అన్ని అమ్మకములను గూర్చి కాదు. కదలిపోవుటకు వీలులేని వానికి అమ్ముటను గూర్చి. వ్యాకరణమును పద్యములను చెప్పుకొని బ్రదికిన పంతులునకు వర్తకముతో పని యేమని మీలో కొందఱు అనుకొనవచ్చును. మంచిర్యాల చుట్టుప్రక్కల, బొగ్గుబావుల సీమలో, ముప్పదియేండ్లకు పైగా బడి చెప్పినవాడను. పిల్లవాడు ఫీజు ఏల తేలేదో కనుగొనబోయిన ప్రతిసారియు ఆ యింటి పద్దు కొంత నా చెవిని బడెడిది. ఆ పద్దులే నాకీ శాస్త్రమును నేర్పినవి.

మన వారపు అంగడిలో వంకాయలు కొను ముసలమ్మను తలచుకొనుడు. ధర అడుగును. పెదవి విఱుచును. నాలుగడుగులు ముందునకు వేయును. వెనుకనుండి "దా అవ్వా, ఐదు తక్కువ ఇయ్యి" అని పిలుపు వచ్చును. కొంగున ముడివేసిన డబ్బుకంటె ఆ నాలుగడుగులే ఆమెకు బలము. ఏలయన ప్రక్కన మఱియొక గంప యున్నది. ఈమె అక్కడకు పోగలదు. ఆ సంగతి అమ్మువానికిని తెలియును.

ఆ నాలుగడుగులకు చోటులేని తావులు కొన్ని యున్నవి. కదలుచున్న రైలుపెట్టెలో దప్పిగొన్నవాడు ఎచటికి నడచును? ఆస్పత్రిలో వైద్యుడు చీటి వ్రాసియిచ్చును. మందుల దుకాణము క్రింది అంతస్తుననే యుండును. మంచముపై నున్నది మన కన్నబిడ్డ. కొన్ని బడులలో పుస్తకముల అట్టలమీద ఆ బడి పేరే అచ్చువేయింతురు. అవి వేఱొక దుకాణమున దొరకవు. సినిమాశాలలో మన సంచిలోని తినుబండారమును ద్వారము కడనే తీసి ప్రక్కన పెట్టింతురు. ఇట్టి చోట్ల అమ్మువాడు సరకు మంచిదని చాటుకొననక్కఱలేదు, తూకము సరియని ఒట్టు పెట్టుకొననక్కఱలేదు. అతని పెట్టుబడి సరకు కాదు, ద్వారము. ఇట్లు చిక్కువడిన కొనుగోలుదారునకు సంస్కృతమున పేరు పెట్టవలెనన్న 'బద్ధక్రేత' యనవచ్చును. కోశములలో వెదకి శ్రమపడకుడు. అది నా కల్పనయే.

అయితే ప్రియముగా అమ్మినదంతయు అన్యాయమనుట తగదు. గూడెము సత్యనారాయణస్వామి గుట్టవంటి చోట కొబ్బరిబొండములను పైకి మోసికొనిపోయి అమ్మువాడు క్రిందికంటె ఐదు రూపాయలు ఎక్కువ అడిగిన, అది మోతకూలి. దానికి నొచ్చుకొనవలసిన పని లేదు. మఱి మోతకూలికిని ద్వారపు కూలికిని భేదము తెలిసికొనుట యెట్లు? ఒక్క ప్రశ్న వేసికొనవలెను: మఱియొకడు అదే బొండములను మోసికొనివచ్చి ప్రక్కన కూర్చుండుటకు అడ్డున్నదా? అడ్డులేనిచో అది కష్టమునకు వెల. అడ్డున్నచో అది అడ్డునకు వెల.

ఈ భేదము మన పూర్వులకు తెలియనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున స్వదేశపు సరకులపై నూటికి ఐదు, పరదేశపు సరకులపై నూటికి పది మించి లాభము గొనరాదని విధి కలదు. వర్తకులు ఒక్కటియై సరకును బిగబట్టి ధర పెంచినచో వేయి పణముల దండన. అంతకంటె నాకు ముచ్చట గొలిపినది మఱియొకటి. రాజు తరఫున వ్యాపారము నడపు అధ్యక్షుడు, ఎంత గొప్ప లాభమైనను, ప్రజలకు బాధ కలిగించునదైనచో దానిని విడువవలెనని ఆ గ్రంథమున నున్నది. రాజునకు మించిన ద్వారపాలకుడు ఎవడు? అతనికే ఆ కట్టడి విధించిరి.

ఇక బొగ్గుగనుల మాట. గనులకును ఈ విధమైన వర్తకమునకును లోకమంతట పాత చుట్టఱికము కలదు. కారణము సులభము. బొగ్గు ఊరున్న చోట పుట్టదు. బొగ్గున్న చోటికి ఊరు పోవలెను. అడవి నడుమ గని త్రవ్విన యజమానియే ఇండ్లు కట్టించును, ఆతడే దుకాణము పెట్టును. ఇంగ్లండులో గనుల యజమానులు కూలిని డబ్బుగా నీయక, తమ దుకాణపు సరకుగానో, ఆ దుకాణముననే చెల్లు చీట్లుగానో ఇచ్చెడివారు. పిండిలో కల్తీ యున్నను, ధర అధికమైనను, పనివాడు మాఱు పలుకలేకుండెను. దీనిని మాన్పుటకు 1831లో ట్రక్ చట్టమను పేర కూలిని నాణెములుగానే ఈయవలెనని శాసనము చేసిరి. అమెరికా బొగ్గుసీమలలో కంపెనీ దుకాణపు బిళ్లలు ఇరువదవ శతాబ్దమున కూడ చాలకాలము చెల్లినవి. చికాగో చెంత పుల్‌మన్ అను రైలుపెట్టెల యజమాని 1880లో తన పేర ఒక చక్కని పట్టణమునే కట్టించెను. వ్యాపారము తగ్గిన యేడు కూలి తగ్గించెను గాని ఇంటి అద్దె తగ్గింపలేదు. రెండును ఆతని చేతిలోనివే. 1894లో జరిగిన గొప్ప సమ్మెకు అదియే మూలము. 1898లో అక్కడి రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము, పరిశ్రమ నడపు సంస్థకు పట్టణము నేలు పని లేదని, దానిని వదలుకొమ్మని తీర్పు చెప్పెను. మన తెలుగువారికి కూడ ఇట్టి అనుభవము కొత్త కాదు. మలయా రబ్బరుతోటలకు కూలికి పోయినవారికి తోటలోనే కల్లుదుకాణ ముండెడిది. తోటలో సంపాదించినది తోట దాటక మునుపే కరగుటకు అది మంచి ఉపాయము.

మన సీమలో బొగ్గు జాడ 1871లో ఇల్లెందు ప్రాంతమున తెలిసినది. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీకి త్రవ్వుకొను హక్కు దొరకినది. 1920 నుండి అది సింగరేణి కాలరీస్ అయినది. పిమ్మట మన బెల్లంపల్లి వైపు, ఆపైన గోదావరి కావలి గట్టున రామగుండము, గోదావరిఖని వైపు బావులు తెఱచిరి. కరీంనగరు, వరంగల్ పల్లెలనుండి కాపులు, సాలెలు, మాల మాదిగలు, అన్ని కులములవారును నాగలినో మగ్గమునో విడిచి దీపము నెత్తిన బెట్టుకొని భూమిలోనికి దిగిరి. ఈ సీమలో నేను కన్నులార చూచిన ద్వారములు రెండు.

మొదటిది సారాదుకాణము. సర్కారు ఒక ప్రాంతపు హక్కును వేలము వేసెడిది. పాట పాడుకొన్నవాడు తప్ప అక్కడ వేఱొకడు అమ్మరాదు. ఎనుబదులలో 'వారుణివాహిని' యను పేర సారా పొట్లములుగా కూడ వచ్చినది. పేరు మాత్రము సంస్కృతమున ఎంత సొంపుగా పెట్టిరో చూడుడు! పాట ఎంత పెరిగినను పాటదారుడు తన యింటినుండి తెచ్చి కట్టునది లేదు. జీతపునాడు బావి దిగి వచ్చినవాని జేబే ఆతనికి ఖజానా. ఇచట కొనువానిని కట్టివేసినది గోడయు కాదు, గేటును కాదు, వాని నాలుకయే. అలవాటునకు బద్ధుడైన వానికంటె గట్టి బద్ధక్రేత లేడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలిడిన ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయినది. ఆ కథ మీరెఱిగినదే.

రెండవది ఉద్దెర ఖాతా. కిరాణపు సేటు ఉద్దెర ఇచ్చును. ఆపదలో అది మేలే. కాని బాకీ ఉన్నంతవఱకు ఇల్లాలు వేఱొక దుకాణపు మెట్టెక్కలేదు. ఎక్కినచో "ముందు నా పైసలు కట్టు" అనును. ఆ నాలుగడుగులను సేటు పుస్తకములో వ్రాసి పెట్టుకొన్నాడన్న మాట! ఆపై మిత్తికి ఇచ్చువారు వచ్చిరి. నా యొద్ద చదివిన పిల్లవాని తండ్రి యొకడు బావిలో పని చేసెడివాడు. పరీక్ష ఫీజు అడిగితిని. "సారూ, జీతం పడ్డది గని కార్డు నా తాన లేదు" అనెను. ఆతని ఏటీఎం కార్డును, దాని రహస్యసంఖ్యను అప్పిచ్చినవాడు తన యొద్ద నుంచుకొన్నాడు. జీతము పడిన రాత్రియే తన మిత్తి తీసికొని, మిగిలినది ఇతని చేతికిచ్చుచుండెను. ఇట్టి సంగతులు బొగ్గుసీమలో కొత్త కావు. పత్రికలలోను పలుమాఱులు వచ్చినవి. మన దేశమున కూలి డబ్బుగానే చెల్లింపవలెనని 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టము విధించినది. నేడు జీతము బ్యాంకునకే పోవుచున్నది. ఇంగ్లండు వారి బిళ్లల బాధ మనకు లేదు. కాని చట్టము జీతమును ఖాతా వఱకు సాగనంపి వెనుదిరిగిన పిమ్మట, ఒక్క అడుగు దూరమున కార్డు పట్టుకొని నిలిచినవాడు వేఱొకడున్నాడు.

దీనికి మందు లేదా యని అడుగుదురు. లోకము కొన్ని త్రోవలు త్రొక్కినది. వానిలో నాకు మిక్కిలి నచ్చినది 1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేల్ అను నేతపట్టణమున ఇరువదియెనిమిది మంది పేదలు చేసిన పని. తలా కొంచెము కూడబెట్టుకొని, వెన్న, చక్కెర, పిండి, కొవ్వొత్తులు మొదలైన నాలుగైదు సరకులతో తామే ఒక చిన్న దుకాణము తెఱచిరి. కల్తీ లేదు, దొంగతూకము లేదు, లాభము కొనినవారికే పంపకము. ప్రపంచమునందలి సహకారోద్యమమున కంతకును అది మాదిరి యైనది. సింగరేణిలో వెలసిన కార్మికుల సహకార సూపర్ బజారులు ఆ వంశములోనివే. అట్లే 1948 నాటి కర్మాగారముల చట్టమును, 1952 నాటి గనుల చట్టమును అనుసరించి, 250 మందికి మించి పనిచేయు చోట క్యాంటీను ఏర్పఱుపవలెనను నియమములు వచ్చినవి. సహకార దుకాణము కూడ ఒక్కటే యున్నచో అదియు ద్వారమే కాదా యని వాదింపవచ్చును. నిజమే. కాని అచటి ద్వారపాలకుని మార్చు ఓటు కొనువాని చేతిలో నున్నది. ఆ ఓటును వాడుకొన్నామా లేదా యనునది వేఱు సంగతి.

ధర కట్టడి చేయుట మఱియొక త్రోవ. రైళ్లలో 'రైల్ నీర్' అను లీటరు నీళ్లసీసాకు 15 రూపాయలు నిర్ణయించి, 2025 సెప్టెంబరు 22 నుండి 14కు తగ్గించిరి. సినిమాశాలలలో అచ్చువేసిన ధరకు మించి అమ్మరాదని మన తెలంగాణ తూనికలు కొలతల శాఖ 2018 ఆగస్టు 1 నుండి కట్టడి చేసినది. కాని అప్పుడప్పుడు వేయించి ఇచ్చు మొక్కజొన్న పేలాలకు అచ్చు ధర యెక్కడిది? బయటి తిండిని లోనికి రానీయకుండుటకు సినిమాశాల యజమానికి హక్కున్నదని, అయితే త్రాగునీరు మాత్రము ఉచితముగా నీయవలెనని సుప్రీంకోర్టు 2023 జనవరి 3న చెప్పినది. ఈ తీర్పును కొందఱు తప్పుపట్టిరి. నాకు మాత్రము ఇది బాగుగనే తోచినది. సినిమాకు పోవుట మన యిచ్చ. పేలాలు తినకున్న ప్రాణము పోదు. దప్పి అట్లు కాదు. న్యాయమూర్తులు గీత గీసినది దప్పి దగ్గర.

ఆ కొలతతో చూచినచో ఆస్పత్రి సంగతి మిక్కిలి గట్టిది. అచటికి ఎవడును ఇచ్చతో పోడు. మందులపై అచ్చుధర యున్నది గదా, ఇంక మోసమెక్కడ అనుకొందుము. ఇచటనే కిటుకున్నది. పెద్ద ఆస్పత్రులు సరకును మొత్తముగా, చాల తక్కువ ధరకు కొనును. సీసామీద మాత్రము ఎక్కువ ధర అచ్చై వచ్చును. రోగినుండి అచ్చుధర అంతయు రాబట్టుదురు. మందుల ధరల జాతీయ సంస్థ 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ ప్రాంతపు నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులను పరిశీలింపగా, కొన్ని వస్తువులపై లాభము నూటికి 1,737 వఱకు తేలినది. కౌటిల్యుని ఐదును పదియును ఎక్కడ, ఇది యెక్కడ! మనలను కాపాడవలసిన అచ్చుధరయే ఇచట అమ్మువానికి కవచమైనది. అంతకు ముందటి యేడు, 2017 ఫిబ్రవరిలో, గుండె నాళములలో నమర్చు స్టెంటుకు ధర కట్టిరి: సాదా రకమునకు 7,260, మందు పూసినదానికి 29,600 రూపాయలు. ఆస్పత్రి దుకాణముననే కొనుమని రోగిని నిర్బంధించుటను గూర్చి వేసిన వ్యాజ్యమును 2025 మార్చిలో సుప్రీంకోర్టు ముగించుచు, తగిన విధానమును రాష్ట్రప్రభుత్వములే చూచుకొనవలెనని విడిచినది. కనుక ప్రస్తుతమునకు రోగి బంధువు చేయగలిగినది, చీటి చేతబట్టుకొని వీధి దాటి మఱియొక దుకాణమున ధర అడిగి చూచుట. అర్ధరాత్రి ఆ వీధి దాటుట యెంత కష్టమో దాటినవారికి తెలియును.

పెద్దలారా! ఇంతవఱకు నేను చెప్పిన ద్వారములన్నియు పరులవి. ఇక మన యూరి ద్వారము మాట చెప్పవలసియున్నది. దీనికొఱకే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

మన ఉత్తర తెలంగాణములో, ముఖ్యముగ నిజామాబాదు, నిర్మల్, జగిత్యాల ప్రాంతములలో, గ్రామాభివృద్ధి కమిటీలు ఊరిలో అమ్ముకొను హక్కును వేలము వేయుట మీరెఱిగినదే. ఒకచోట కోడిమాంసము, ఒకచోట కిరాణము, చాలచోట్ల బెల్టుషాపు. బెల్టుషాపు అసలే చట్టవిరుద్ధమని వేఱుగ చెప్పనక్కఱలేదు. పాట పాడినవాడే అమ్మవలెను. వేఱొకడు అమ్మినచో జుల్మానా. వచ్చిన సొమ్ము గుడికి, బొడ్రాయి పండుగకు, బాటకు పోవును. ఎవరును ఇంటికి పట్టుకొనిపోవుట లేదు. ఆ సంగతి నేను మనసార ఒప్పుకొందును.

కాని లెక్క వేసి చూడుడు. మూడువందల యిండ్ల యూరు. కోడిమాంసపు హక్కు ఏడాదికి 1,80,000 రూపాయలకు పాట పోయిన దనుకొందము. ఆ సొమ్ము పాటదారుని యింటినుండి రాదు. కిలోకింత యని మాంసముమీదికి ఎక్కును. సగటున ఇంటికి 600 రూపాయలు. ఇది పన్నే, పన్నని పేరు లేదు, అంతే. పైగా మోటారుసైకిలు ఉన్నవాడు మంచిర్యాల పోయి తక్కువకు కొనుక్కొని వచ్చును. బండి లేని ముసలియు, కూలికి పోయి చీకటిపడి వచ్చిన తల్లియు ఊరిలోనే కొనవలెను. అనగా ఊరి గుడికి సున్నము వేయించునది ఊరిలో నడువలేనివారు!

గోదావరికి ఈ వైపున ఒక పల్లెలో జాతర కొబ్బరికాయల వేలము జరుగుచుండగా నేనును కూర్చుండి యుంటిని. బయటి కాయ గుడిలోనికి రారాదని షరతు చదివిరి. ఈ లెక్కయే నేను మెల్లగా చెప్పితిని. కమిటీ పెద్ద, నాకంటె చిన్నవాడే, "సారూ, పైసలు దేవునికే గద, మనకేం మిగులుతది?" అనెను. ఆ మాటకు నాకు వెంటనే ప్రత్యుత్తరము తోపలేదు. ప్రక్కన చాపమీద కూర్చున్న ఒక ముసలమ్మ అందుకొన్నది: "దేవునికి నేనియ్యనంటినా పటేలా? చందా అడుగు, ఇస్త. కాయ మీద గుంజుడెందుకు?" సభ నవ్వినది. నవ్వు తగ్గిన పిమ్మట చాలసేపు ఎవరును మాటలాడలేదు.

ఆమె మాటలో నేను చెప్పదలచినదంతయు నున్నది. చందాకు పేరుండును, మొత్తముండును, ఈయననుటకు వీలుండును. కాయమీద గుంజినదానికి ఆ మూడును లేవు. ఊరికి సొమ్ము అవసరమే. దానిని అడిగి తీసికొనుట యొకటి, ద్వారము మూసి తీసికొనుట యొకటి. వేలము మానుట సాధ్యము కాదందురా, వేలపు కాగితమున రెండు మాటలు చేర్పవచ్చును. అమ్ము ధర ముందుగనే నిర్ణయించి, ఆ ధరకు లోబడి ఎవడు ఎక్కువ పాడునో వానికీయవచ్చును. ఇంటినుండి కాయ తెచ్చుకొన్నవానిని ఆపరాదని వ్రాయవచ్చును. పాట తగ్గును, సందేహము లేదు. ఎంత తగ్గినదో అంతయు ఇంతకు మునుపు అడ్డునకు వెలగా వచ్చినదన్న మాట.

ఆ పల్లెలో, బయటి కాయ రారాదను షరతును ఆ రాత్రి కొట్టివేసిరి. వేలము వెనుకటి యేటికంటె తక్కువకు పోయినది. లోటునకు చందాపుస్తకము వేసి ఇల్లిల్లు తిరిగిరి. కొంత వచ్చినది, కొంత రావలసియున్నది. బెల్టుషాపు మాట మాత్రము ఇంకను తేలలేదు. ఆ కమిటీ మరల కూర్చుండవలసియున్నది.